బాటరీకి కావలివాడు

పిల్లలూ, మీ ఊరి రచ్చబండ దగ్గరో, బడికి పోయే దారిలోనో సోలార్ వీధిదీపం ఒకటి మీరు చూసే ఉంటారు. స్తంభం పైన నల్లని పలక, దాని కింద దీపం. పొద్దు కుంకి చీకటి పడగానే అది తనంతట తానే వెలుగుతుంది. తెల్లవారగానే ఆరిపోతుంది. దాన్ని వెలిగించేది ఎవరు? ఎవరూ వచ్చి మీట నొక్కటం లేదు గదా!

ఆ పని చేసేది ఆ స్తంభంలోనే దాగి ఉన్న ఒక చిన్న పెట్టె. పలక నుంచి వచ్చే వోల్టేజి పడిపోతే చీకటి పడిందని అది గ్రహిస్తుంది. అయినా తొందరపడదు. మబ్బు అడ్డం వచ్చిందేమోనని కొన్ని నిమిషాలు ఆగి చూసి, ఆ తరవాతనే దీపం వెలిగిస్తుంది. ఎండను పట్టే పలకే దానికి కన్ను కూడా అన్నమాట.

ఈ పెట్టెను సోలార్ చార్జి కంట్రోలరు అంటారు. దీపం వెలిగించటం, ఆర్పటం దానికి చిల్లర పనులు. దాని అసలు పని బాటరీని కాపాడటం. సోలార్ దీపాలు పెట్టుకున్న ఇళ్ళలో పలక 20, 25 ఏళ్ళు పనిచేస్తుంది. కాని బాటరీ అలా కాదు. బాగా చూసుకుంటే 5, 6 ఏళ్ళు వస్తుంది. చూసుకోకపోతే ఏడాది రెండేళ్ళలోనే పనికిరాకుండా పోతుంది. కొత్తది కొనాలంటే వేల రూపాయలు కావాలి. అందుకని ఈ వ్యాసాన్ని మీరు చదివి, మీ అమ్మానాన్నల చేత కూడా చదివించండి.

ముందు ఒక మాట. పట్నాలలో చాలా ఇళ్ళ డాబాల మీద సోలార్ పలకలు బారులు తీర్చి ఉంటాయి. అక్కడ ఈ పెట్టె కోసం వెతికితే చాలాచోట్ల మీకు కనిపించదు. ఆ పలకల కరెంటు నేరుగా ఊళ్ళోకి వచ్చే కరెంటు తీగలలో కలిసిపోతుంది. మధ్య బాటరీ ఉండదు. బాటరీ లేనిచోట దానికి కావలివాడితో పనేమిటి? కాని అలాంటి ఇళ్ళలో ఊరి కరెంటు పోతే, పైన ఎంత ఎండ కాస్తున్నా పలకల కరెంటు కూడా ఆగిపోతుంది. తీగలు బాగుచేసేవారికి దెబ్బ తగలకుండా ఈ ఏర్పాటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడ్డప్పుడు కొన్ని రోజులపాటు ఊళ్ళో కరెంటు లేదు. అలాంటి సమయంలో దీపం వెలగాలంటే బాటరీ ఉండాలి. బాటరీ ఉంటే దాన్ని కాచే పెట్టె కూడా ఉండాలి.

ఎండ నుంచి కరెంటు పుట్టించవచ్చునని మొదట కనిపెట్టినవాడు ఎడ్మండ్ బెకరెల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. అది 1839లో. ఆ తరవాత 20 ఏళ్ళకు, 1859లో, మరొక ఫ్రెంచివాడు గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను గంధకామ్లంలో ముంచి, మళ్ళీ మళ్ళీ చార్జి చెయ్యటానికి వీలైన బాటరీ తయారు చేశాడు. ఈనాడు మన లారీలలోను, ఇన్వర్టర్లలోను ఉండే బాటరీ దాని మనమడే. పనికివచ్చే సిలికాన్ ఘటం మాత్రం 1954లో గాని రాలేదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు దాన్ని తయారు చేసి, దానితో ఒక బొమ్మ రంగులరాట్నం తిప్పి అందరికీ చూపించారు. దాని మీద పడిన ఎండలో నూటికి 6 పాళ్ళు మాత్రమే కరెంటుగా మారేది. ఇప్పటి పలకలలో నూటికి 20 పాళ్ళు పైగా మారుతున్నది. 1958లో వాన్‌గార్డ్ అనే కృత్రిమోపగ్రహం ఈ ఘటాలతో ఆకాశంలోకి వెళ్ళింది. అందులో మామూలు బాటరీతో నడిచే రేడియో కొద్ది నెలలలోనే మూగపోయింది. ఎండతో నడిచేది 1964 దాకా మాట్లాడుతూనే ఉన్నది. ఆ ఉపగ్రహం ఇప్పటికీ భూమి చుట్టూ తిరుగుతున్నది!

సరే, మన పెట్టె సంగతికి వద్దాం. 12 వోల్టుల బాటరీకి వాడే చిన్న పలకలో సామాన్యంగా 36 ఘటాలుంటాయి. ఒక్కొక్క ఘటం అర వోల్టు చిల్లర ఇస్తుంది. తీగలు దేనికీ కలపకుండా వోల్టుమీటరు పెట్టి చూస్తే పలక మీద 21, 22 వోల్టులు కనిపిస్తాయి. బాటరీ చూస్తే 12 వోల్టులది. పలకను తీసుకుపోయి నేరుగా బాటరీకి కలిపితే ఏమవుతుంది?

మొదట బాగానే ఉంటుంది. బాటరీ నిండుతుంది. నిండిన తరవాత కూడా పలక ఊరుకోదు గదా, ఎండ ఉన్నంతసేపూ కరెంటు తోస్తూనే ఉంటుంది. నిండిన బిందె కింద కుళాయి కట్టకపోతే నీళ్ళు పొర్లిపోయినట్టే ఇక్కడ కూడా అవుతుంది. కాని ఇక్కడ పొర్లేది మామూలు నీళ్ళు కావు. బాటరీలోని నీరు విడిపోయి ఉదజని, ఆమ్లజని అనే వాయువులు బుడగలుగా పైకి వస్తాయి. నీరు తగ్గి సీసపు రేకులు బయటపడి పాడవుతాయి. ఉదజని ఇంకా ప్రమాదం. గాలిలో అది నూటికి 4 పాళ్ళు చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు భగ్గుమని పేలుతుంది. బాటరీ ఉన్న గదికి కిటికీ ఉండి తీరాలనీ, అక్కడ అగ్గిపుల్ల గియ్యరాదనీ పెద్దవాళ్ళు అనేది ఇందుకే.

ఎక్కువైతే ఒక బాధ, తక్కువైతే మరొక బాధ. దీపాలూ పంకా వాడుతున్నకొద్దీ బాటరీలోని రెండు రకాల రేకుల మీదా సీసపు సల్ఫేటు అనే తెల్లని పదార్థం పేరుకుంటుంది. మళ్ళీ చార్జి చేస్తే అది కరిగిపోయి, రేకులు మొదటి స్థితికి వస్తాయి. బాటరీ పని అంతా ఇదే. అయితే పూర్తిగా ఖాళీ చేసి, రోజుల తరబడి అలాగే వదిలేస్తే ఆ సల్ఫేటు గట్టి పలుకులుగా మారిపోతుంది. ఆ తరవాత ఎంత ఎండ పెట్టినా కరగదు. బాటరీ చూడటానికి బాగానే ఉంటుంది గాని, దీపం పెట్టిన అరగంటకే నీరసించిపోతుంది.

కనక కావలివాడు రెండు వాకిళ్ళ దగ్గరా ఉండాలి. కరెంటు లోపలికి వచ్చే వాకిట, బయటికి పోయే వాకిట.

లోపలికి వచ్చే వాకిట వాడు చేసే పని ఎంతో నేర్పు గలది. పొద్దున బాటరీ ఖాళీగా ఉన్నప్పుడు పలక ఇచ్చినదంతా లోపలికి పోనిస్తాడు. వోల్టేజి మెల్లగా పెరిగి 14.4 దగ్గరికి రాగానే ఇహ అక్కడి నుంచి పైకి పోనివ్వడు. అదే వోల్టేజి దగ్గర ఆపి పట్టి, కరెంటు కొద్దికొద్దిగా తగ్గిస్తాడు. గంటా రెండు గంటలు అలా అయి, బాటరీ పూర్తిగా నిండిన తరవాత 13.6, 13.8 వోల్టులకు దించి, చుక్క చుక్కగా మాత్రం అందిస్తాడు. అమ్మ బిందె పడుతూ మొదట కుళాయి బారుగా తిప్పి, అంచు దగ్గర పడేసరికి సన్నగా చేస్తుందే, అలాగన్నమాట. రాత్రి పూట ఇంకొక పని కూడా ఉన్నది. చీకట్లో పలక కరెంటు ఇవ్వదు సరిగదా, బాటరీలోని కరెంటే వెనక్కు పలకలోకి కారిపోయే ప్రమాదం ఉన్నది. ఆ దారి కూడా వాడు మూసేస్తాడు.

బయటికి పోయే వాకిట వాడు కాస్త కఠినుడు. దీపాలు వెలుగుతూ బాటరీ వోల్టేజి పడిపోయి 11 వోల్టుల దరిదాపుకు వచ్చిందంటే టక్కున దీపాలు ఆర్పేస్తాడు. మర్నాడు ఎండ వచ్చి వోల్టేజి 12.6కు చేరితే గాని మళ్ళీ ఇవ్వడు. కొన్ని పెట్టెలలో ఈ అంకెలను మనమే మార్చుకోవచ్చు. 11కు బదులు 11.5 అని పెట్టుకుంటే బాటరీకి ఇంకా మంచిది.

అసలు చిక్కు ఇక్కడే వస్తున్నది. వానకాలం. రెండు రోజులుగా ముసురు. మర్నాడు పరీక్ష. రాత్రి 9 గంటలకు దీపం ఠక్కున ఆరిపోయింది. ఇంట్లోవాళ్ళకు ఒళ్ళు మండదూ? "ఈ పెట్టె పాడయిందిరా, తీసెయ్యి!" అని దీపం తీగలు లాగి, తిన్నగా బాటరీకే తగిలిస్తారు. దీపం వెలుగుతుంది. మర్నాడు కూడా వెలుగుతుంది. అందరికీ సంతోషమే. కాని ఆనాటి నుంచీ బాటరీ రోజూ అడుగంటిపోతూ ఉంటుంది, ఆపేవాడు ఉండడు. కొద్ది నెలలు గడిచేసరికి అది గంటసేపయినా దీపం నిలపలేదు. అప్పుడు, "సోలారు మంచిది కాదు," అంటారు! నిజానికి ఆ రాత్రి పెట్టె పాడవలేదు, తన పని తాను చేసింది. అటువంటి రాత్రి నాలుగు దీపాలకు బదులు ముందునుంచే ఒకటి పెట్టుకుంటే తెల్లవార్లూ చదువుకోవచ్చు.

ఇన్వర్టరు పెట్టినవాళ్ళు కూడా ఒకటి గమనించాలి. ఇన్వర్టరుకు కరెంటు చాలా ఎక్కువ కావాలి, చిన్న పెట్టె అంత ఇవ్వలేదు. అందుకని దాన్ని నేరుగా బాటరీకే కలుపుతారు. అది తప్పు కాదు, కాని అప్పుడు ఈ కావలివాడి అధికారం దాని మీద సాగదు. చాలా ఇన్వర్టర్లు 10.5 వోల్టులకు గాని ఆగవు. చిన్న దీపాలు వాడుతూ అక్కడిదాకా పోనిచ్చారంటే బాటరీ పూర్తిగా ఎండిపోయినట్టే.

ఇప్పుడు ఒక ఇంటికి ఎంత కావాలో లెక్క వేద్దాం. కాగితం, పెన్సిలు తెచ్చుకోండి. 5 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు నాలుగు, రాత్రి 5 గంటలు. అది 100 వాట్‌గంటలు. 15 వాట్ల చిన్న పంకా 6 గంటలు, అది 90. మొత్తం 190. దీన్ని 12 వోల్టులతో భాగిస్తే 16 ఆంపియర్‌గంటలు, సుమారుగా. 40 ఆంపియర్‌గంటల బాటరీ కొంటే రోజూ సగం కూడా ఖాళీ కాదు. సీసపు బాటరీకి అది మంచి పద్ధతి. 100 వాట్ల పలక మంచి ఎండలో సుమారు 5.6 ఆంపియర్లు ఇస్తుంది. మన ప్రాంతంలో సగటున రోజుకు 5 గంటల నిండు ఎండతో సమానమైన ఎండ కాస్తుంది. 5.6ను 5తో గుణిస్తే 28. వాడేది 16, వచ్చేది 28. మిగిలినది దారిలో పోయే నష్టానికీ, మబ్బు రోజులకూ. పెట్టె ఎంతది? పలక ఇవ్వగల అత్యధిక కరెంటు 6 ఆంపియర్లు అనుకుంటే, దానికి పావు వంతు కలపండి. ఏడున్నర. కనక 10 ఆంపియర్ల పెట్టె చాలు.

దుకాణంలో రెండు రకాల పెట్టెలు చూపిస్తారు. పీడబ్ల్యూఎం అనేది చవక. అది పలకను బాటరీకి కలిపి, అవసరాన్ని బట్టి సెకండులో ఎన్నోసార్లు తీసి వేస్తూ ఉంటుంది. ఎంపీపీటీ అనేది ఖరీదైనది, తెలివైనది. పలక 18 వోల్టుల దగ్గర 5.6 ఆంపియర్లు ఇస్తే 100 వాట్లు. చవక పెట్టె దాన్ని బాటరీ వోల్టేజికి లాగేస్తుంది కనక 13 వోల్టులు, 5.6 ఆంపియర్లు, అంటే 73 వాట్లే దక్కుతాయి. తెలివైన పెట్టె ఎక్కువ వోల్టులను ఎక్కువ ఆంపియర్లుగా మార్చి, 100లో చాలా భాగం బాటరీకి చేరుస్తుంది. నన్నడిగితే, ఒక్క చిన్న పలక ఉన్న ఇంటికి చవక రకమే చాలు. మిగిలిన డబ్బుతో ఇంకాస్త పెద్ద పలక కొనటం మేలు. పెద్ద పలకలు, ఎక్కువ వోల్టులు ఉన్నచోట మాత్రం రెండోదే కావాలి.

బిగించేటప్పుడు పెద్దవాళ్ళు చెయ్యాలి, మీరు పక్కన నిలబడి చూడాలి. బాటరీ 12 వోల్టులే గదా అని చులకన చెయ్యరాదు. దాని రెండు కొసలకూ అడ్డంగా ఒక పానా పడిందంటే అది క్షణంలో ఎర్రగా కాలిపోతుంది. చేతికి ఉంగరం గాని, లోహపు గాజులు గాని ఉంటే తీసి పక్కన పెట్టాలి.

పలకను దక్షిణం వైపు చూసేటట్టు, కొద్దిగా ఏటవాలుగా పెట్టాలి. ఎంత వాలు? మీ ఊరు ఎన్నో అక్షాంశం మీద ఉంటే సుమారు అన్ని డిగ్రీలు. తిరుపతికి 13న్నర, విజయవాడకు 16న్నర, హైదరాబాదుకు 17 చిల్లర. (వేసవిలో కొన్ని వారాలు మధ్యాహ్నవేళ సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరానికి పోతాడు. అప్పుడు మీ నీడ ఎటు పడుతుందో చూడండి!) కొబ్బరి మట్ట నీడ ఒక్క మూల మీద పడినా పలక ఇచ్చే కరెంటు బాగా తగ్గిపోతుంది, ఎందుకంటే ఘటాలన్నీ దండలో పూసలలాగా ఒకదాని వెంట ఒకటి కట్టి ఉంటాయి.

తీగ సన్నగా ఉండరాదు. ఇది చాలామంది పట్టించుకోని సంగతి. పలక నుంచి పెట్టెకు 10 మీటర్ల దూరం ఉంటే, పోను రాను తీగ 20 మీటర్లు. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే దారిలోనే 1.3 వోల్టులు ఖర్చయిపోతాయి. 4 చదరపు మిల్లీమీటర్లది వేస్తే అర వోల్టే పోతుంది. 18 వోల్టులలో ఒకటి పోతే ఏమిటంటారా? మన ఎండలకు పలక వేడెక్కితే దాని వోల్టేజి పడిపోతుంది. మే నెల మధ్యాహ్నం 18కి బదులు 15 మాత్రమే రావచ్చు. అందులో 1.3 పోతే మిగిలేది 13.7. బాటరీ నిండటానికి 14.4 కావాలి గదా! అన్నీ సరిగా ఉన్నాయనుకుంటూనే బాటరీ ఏనాడూ పూర్తిగా నిండదు.

పెట్టెను బాటరీకి దగ్గరలో, గోడకు నిలువుగా, పైనా కిందా గాలి ఆడేటట్టు బిగించాలి. సరిగ్గా బాటరీ నెత్తిమీద మాత్రం వద్దు. ఆమ్లపు ఆవిర్లు తగిలి తుప్పు పడుతుంది. బాటరీకీ పెట్టెకూ మధ్య, బాటరీ పక్కనే, ధన ధ్రువం తీగకు ఒక ఫ్యూజు ఉండాలి.

ఇహ తీగలు కలిపే వరస. ముందు బాటరీ, తరవాత పలక, ఆఖరున దీపాలు. ఈ వరస తప్పరాదు. బాటరీని చూసి గాని పెట్టెకు తాను 12 వోల్టుల ఇంట్లో ఉన్నానో, 24 వోల్టుల ఇంట్లో ఉన్నానో తెలియదు. బాటరీ లేకుండా పలకను కలిపితే దాని 21 వోల్టులూ వచ్చి పెట్టె మీద పడతాయి, కొన్ని పెట్టెలు అప్పటికప్పుడే చెడిపోతాయి. విప్పేటప్పుడు దీనికి తలకిందులు: ముందు దీపాలు, తరవాత పలక, ఆఖరున బాటరీ. ప్రతిసారీ ఎర్ర తీగ ధన ధ్రువానికీ, నల్ల తీగ ఋణ ధ్రువానికీ పోతున్నదో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. పలక మీద గుడ్డ కప్పి పని మొదలుపెడితే నిప్పురవ్వలు రావు.

తీగలు కలిపిన తరవాత పెట్టెకు బాటరీ ఏ రకమో చెప్పాలి. నీళ్ళు పోసేది ఒక రకం, మూత మూసి ఉండేది ఒక రకం, ఈమధ్య వచ్చిన లిథియంది మరొక రకం. వీటి వోల్టేజి అంకెలు వేరు. నీళ్ళు పోసే బాటరీకి అప్పుడప్పుడు ఇచ్చే గట్టి చార్జి మిగిలిన రెండింటికీ ఇస్తే అవి దెబ్బతింటాయి. వేడి సంగతి కూడా పెట్టె చూసుకుంటుంది. 14.4 అనే అంకె 25 డిగ్రీల వేడికి చెప్పినది. అంతకు మించి ప్రతి డిగ్రీకీ ఒక వోల్టులో సుమారు 24 వెయ్యో వంతులు తగ్గించాలి. గది 40 డిగ్రీలుంటే 14 వోల్టుల దగ్గరే ఆపాలన్నమాట. మంచి పెట్టెలకు దీనికోసం సన్నని తీగ చివర ఒక గుండీలాంటి ఉష్ణమాపకం ఇస్తారు. దాన్ని బాటరీ ఒంటికి అంటించాలి. అవసరం లేదనుకుని అట్టపెట్టెలోనే పారేసేవాళ్ళు ఎందరో!

మీకు కూడా ఒక పని ఉన్నది. రోజూ తెల్లవారుజామున, ఎండ రాకముందు, దీపాలు ఆర్పిన కాసేపటికి పెట్టె మీద బాటరీ వోల్టేజి చూసి ఒక పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. సీసపు బాటరీ అయితే 12.7 నిండు బాటరీ. 12.2 ఉంటే సగం మిగిలినట్టు. 11.9 ఉంటే దాదాపు ఖాళీ. సాయంకాలం ఎండ పోయేముందు పెట్టె మీద "నిండింది" అనే గుర్తు వచ్చిందో లేదో కూడా రాయండి. వారం రోజులు వరసగా ఆ గుర్తు రాకపోతే పలక మీద దుమ్ము పట్టిందేమో, కొత్తగా చెట్టు నీడ పడుతున్నదేమో, తీగ మర వదులయిందేమో పెద్దవాళ్ళను చూడమనండి. పలకను పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు నీళ్ళతో కడగాలి. మిట్టమధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చన్నీళ్ళు పోస్తే అది పగలవచ్చు.

నీళ్ళు పోసే బాటరీలో మట్టం తగ్గితే డిస్టిల్డ్ వాటరు మాత్రమే పొయ్యాలి. బావి నీళ్ళు, కుళాయి నీళ్ళు, ఆమ్లం పనికిరావు. చార్జి పూర్తయిన తరవాత పోస్తే పొంగి పొర్లదు. ఈ పని పెద్దవాళ్ళు కళ్ళద్దాలు పెట్టుకుని చెయ్యాలి. ఎప్పటికైనా బాటరీకి కాలం తీరితే దాన్ని పెరట్లో పడెయ్యకండి, పగలగొట్టి సీసం తియ్యనివ్వకండి. సీసం విషం, పసిపిల్లలకు మరీను. బాటరీ దుకాణంవాళ్ళు పాతదాన్ని తీసుకుని, దాని విలువ కొత్తదాని ధరలో తగ్గిస్తారు.